చర్మమును గూర్చి చెప్పవలసిన మాట

మన కావ్యములలో దేహవర్ణనకు కొదవ లేదు. కాలిగోళ్ళు మొదలు కురుల కొనలవరకు కవి వర్ణింపక విడిచిన అవయవము నాయికకు మిగులలేదు. ఐనను ఆ దేహమునంతను కప్పియున్న చర్మము వన్నె తప్పి, ఒకచోట తెలుపెక్కియో, పొలుసులు కట్టియో కనబడినప్పుడు, ఆ చర్మమును ధరించిన స్త్రీ గాని పురుషుడు గాని తనతో జీవితము పంచుకొను వ్యక్తితో ఏమి చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను అను ప్రశ్నను మన సాహిత్యము చిరకాలము అడుగలేదు. తమ రోగమును దేవునితో మొరపెట్టుకొన్నవారు కలరు. ఋషులతో, వైద్యులతో చెప్పుకొన్నవారు కలరు. భర్తతో కూర్చుండి చెప్పిన భార్య, భార్యతో చెప్పిన భర్త మిక్కిలి అరుదు. అంటువ్యాధి కాని చర్మవికారమును గూర్చి దంపతుల నడుమ జరుగవలసిన ఈ సంభాషణను, ఛత్తీస్‌గఢ్ ప్రాంతపు హిందీ రచయితల నిద్దరిని ఎదుట నుంచుకొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఆ యిరువురును ఈ విషయముపై నేరుగా వ్రాసినవారు కారు. ఐనను వారిలో ఒకరు మౌనము ఎట్టిదో చూపిరి. మరొకరు మాట ఎట్లుండునో చూపిరి.

మొదట అపాలను తలపోయవలెను. ఋగ్వేదము ఎనిమిదవ మండలములోని 91వ సూక్తము ఆమెది. నీటికి పోవుచున్న కన్యక త్రోవలో సోమలతను కనుగొని, దానిని పండ్లతోనే నమలి రసము తీసి ఇంద్రున కర్పించును. తండ్రి బట్టతలపై వెంట్రుకలను, ఆయన పొలమున పైరును, తన దేహమున యౌవనచిహ్నమును మొలిపింపుమని కోరును. ఇంద్రుడామెను రథముయొక్కయు, బండియొక్కయు, కాడియొక్కయు రంధ్రములగుండ ముమ్మారు శుద్ధి చేసి, సూర్యునివలె వెలుగు చర్మము కలదానిగ చేయును. సూక్తమున ఉన్నది ఇంతే. చర్మరోగము పేరైనను అందు లేదు. పతితో వైరమును సూచించు పద మొక్కటి కలదు. దానికి పతిని ద్వేషించునది అనియు, పతిచే ద్వేషింపబడినది అనియు రెండు విధముల అర్థము చెప్పవచ్చును. తరువాతి ఆఖ్యానములును, సాయణభాష్యమును రెండవ యర్థమును చేపట్టి కథ నల్లినవి. అత్రి కుమార్తెయైన అపాలకు చర్మదోషము కలిగెను, భర్త విడిచెను, తండ్రి ఆశ్రమమున ఆమె తపస్సు చేసెను, ఇంద్రుడు లాగినప్పుడు విడివడిన మూడు చర్మములలో ఒకటి ఏదుపంది, ఒకటి ఉడుము, మరియొకటి ఊసరవెల్లి ఆయెను.

ఈ మూడు జంతువులను ఊహించిన వాడెవడో గాని, వ్యాధిగ్రస్తమైన చర్మమును దగ్గరనుండి చూచినవాడే అని నాకు తోచును. ముండ్లు లేచినది, పొలుసులు కట్టినది, రంగు మారునది; ఈ వరుసలో కల్పనకంటె పరిశీలన ఎక్కువ. కాని అంతటి పరిశీలకుడును ఒక ఘట్టమును దాటిపోయెను. భర్త ఎప్పుడు చూచెను? ఆమె చెప్పెనా, అతడే కనిపెట్టెనా? ఏ మాట పలికి విడిచెను? ఆ గడియను గూర్చి కథ నోరు విప్పదు. సూక్తాంతమున కూడ సూర్యవర్ణపు చర్మము వచ్చినదే గాని భర్త తిరిగి వచ్చిన జాడ లేదు.

కక్షీవంతుని కుమార్తె ఘోష కథయు ఇట్టిదే. తండ్రి యింట ముదిమి పైబడుచుండగా అశ్వినులు ఆమెకు పతిని ప్రసాదించిరని వేదము చెప్పగా, ఆమె అవివాహితగా నుండుటకు చర్మవ్యాధియే కారణమని తరువాతి సంప్రదాయము వివరించెను. తండ్రి శాపమువలన కుష్ఠు పొందిన సాంబుడు చంద్రభాగాతీరమున సూర్యు నారాధించి స్వస్థుడాయెను. అతని అంతఃపురమున ఎవరేమనిరో పురాణకర్తకు అక్కర లేకపోయెను. శ్రీకాకుళమునకు చేరువనున్న అరసవల్లి సూర్యదేవాలయమునకు చర్మరోగములు పోవునను నమ్మకముతో నేటికిని జనులు వచ్చుచున్నారు. ఈ కథలన్నిటి నడక ఒక్కటే: చర్మము మొదట బాగుపడవలెను, పిమ్మట బంధము కుదురవలెను. బాగుపడని చర్మముతోనే బంధము కుదుర్చుకొన్న దంపతుల కథ ఈ నడకలో ఇమడదు. స్వస్థత వచ్చినచో ఇక చెప్పవలసిన దేమున్నది? చెప్పుట అవసరమగునది స్వస్థత రానప్పుడే.

ఇచ్చట వైద్యమును గూర్చి కొంత చెప్పక తప్పదు. బొల్లి యనునది చర్మమునకు రంగు నిచ్చు కణములు నశించుటవలన కలుగును. దేహరక్షణకై ఉన్న శక్తియే పొరబడి ఆ కణములపై తిరుగబడుట ఇందుకు ముఖ్యకారణమని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ప్రపంచమున నూటికి ఒకరికి అటునిటుగా ఇది యుండును. సోరియాసిస్ కూడ రక్షణశక్తి పొరపాటే. నెలకు జరుగవలసిన చర్మకణముల మార్పిడి కొన్ని దినములలోనే జరిగి పొలుసులు పేరుకొనును. రెండును అంటవు. ముట్టుకొన్నను, కలిసి పరుండినను, ఒక పళ్ళెమున తిన్నను రావు. బావంచి గింజలను వాడి ఎండలో కూర్చుండుట మన పూర్వులెరిగిన చికిత్స. ఆ జాతి ద్రవ్యములనే శుద్ధిచేసి ఇరువదవ శతాబ్దమున కిరణచికిత్సతో జోడించిరి. 2022లో రుక్సోలిటినిబ్ అను లేపనమునకు బొల్లి విషయమున అమెరికాలో ఆమోదము లభించెను. చికిత్స యున్నది, ఫలము అందరికి ఒక్కరీతిగ లేదు. వంశానుగతముగ వచ్చునా అను ప్రశ్నకు నిజాయితీగల సమాధానము ఏమనగా, సంతానమునకు వచ్చు అవకాశము ఇతరులకంటె కొంత హెచ్చు, తప్పక వచ్చునన్న నియమము మాత్రము లేదు. ఈ సమాధానములోని చివరి సగమునే చెప్పి మొదటి సగమును మ్రింగువారు పెక్కుమంది.

ఇంత తేలికగ చెప్పగల విషయము చెప్పరానిదెట్లాయెను? పేరువలన అని నా అభిప్రాయము. మన ప్రాచీనవైద్యులు చర్మవ్యాధుల ననేకములను కుష్ఠమను ఒకే గొడుగు క్రిందికి తెచ్చి పదునెనిమిది విధములుగ విభజించిరి. సుశ్రుతుడు కుష్ఠమును ఒకరినుండి మరొకరికి సోకు వ్యాధులలో చేర్చెను. బొల్లిని శ్విత్రమని, కిలాసమని వేరుగ చెప్పినను లోకము దానికి శ్వేతకుష్ఠమను పేరే ఖాయపరచెను. ఒక్క పేరుతో, సోకని వ్యాధికి సోకు వ్యాధి భయమంతయు సంక్రమించెను. వ్యాధి అంటలేదు, పేరు అంటెను! చరకసంహిత శ్విత్రమునకు చెప్పిన కారణములలో విరుద్ధాహారముతో పాటు అసత్యవచనము, కృతఘ్నత, దేవతానింద, గురువుల నవమానించుట, పూర్వకర్మ మున్నగునవి కలవు. ఇట్టి జాబితా చదివిన సమాజమున, మచ్చ గలవాడు నోరు విప్పుట అనగా నేరము నొప్పుకొనుట యగును. మచ్చ లేని మనిషి అని మన మెవరినైన పొగడునప్పుడు చర్మమును గూర్చి మాటాడుట లేదు గదా. హిందీలో దాగ్ అను మాటకును ఇదే గతి. తెలుగున మరియొక చిక్కు కూడ కలదు. కల్లబొల్లి అను జంటపదములోని బొల్లియు ఈ బొల్లియు ఒక్కటి యగునో కాదో నిఘంటుకారులకు విడిచెదను; వినువాని చెవికి మాత్రము రెంటికి భేదము లేదు. ముఖాన తెల్లమచ్చ గల ఆవును బొల్లి యని ముద్దుగ పిలుచుకొను రైతు, అదే మచ్చ తన కుమార్తె మోచేతిపై కనబడినచో ఆ పదమును ఇంట పలుకనీయడు.

రాయపూరున ఈ చిక్కు మరింత బిగియును. ఛత్తీస్‌గఢ్ ప్రాంతము కుష్ఠువ్యాధితో దీర్ఘకాలము పోరాడినది. 2005 డిసెంబరునాటికి దేశము మొత్తముమీద పదివేలమందికి ఒక్కరికంటె తక్కువ అను స్థాయికి వ్యాధి తగ్గినను, ఆ తరువాత కూడ చాలకాలము ఆ స్థాయికి దిగని రాష్ట్రములలో ఇది ఒకటి. అందుచేత అచ్చట తెల్లని మచ్చను చూచినవానికి మొదట తోచు అనుమానము నిరాధారమని కొట్టివేయుటకు వీలు లేదు. ఇరుగుపొరుగు వీథులలో నిజమైన కుష్ఠు కలదు, చూచినవారు కలరు. 1981 తరువాత వచ్చిన బహుళౌషధచికిత్స మొదలిడిన కొలది కాలములోనే ఆ వ్యాధియు ఇతరులకు సోకుట మానునన్న విషయము జనశ్రుతిలోనికి ఇంకను పూర్తిగా దిగలేదు. చట్టము సైతము చాల ఆలస్యముగ దిగెను. 1955నాటి హిందూవివాహచట్టమున కుష్ఠు విడాకులకు కారణముగ నుండెను. ఆ నిబంధనను పార్లమెంటు 2019లో గాని తొలగింపలేదు.

ఈ పట్టణమున తెలుగువా రనేకులు కలరు. విజయనగరమునుండి రాయపూరునకు రైలుమార్గము 1931లో పూర్తియాయెను. 1950లలో చేరువనే భిలాయి ఉక్కు కర్మాగారము వెలసెను. ఉపాధికై వచ్చిన కుటుంబములు తరములుగ స్థిరపడినవి. అట్టి ఇంటి పిల్ల హిందీ మాటాడు యువకుని ప్రేమించినదనుకొందము. ఆమె యింట ఆ మాటకు ఉన్నది బొల్లి, అదియు గుసగుసగ. అతడు వినునది సఫేద్ దాగ్. గోడలమీద గుప్తరోగముల మందుల ప్రకటనల ప్రక్కనే ఆతడు చిన్ననాటినుండి చదివిన మాట. ఆమె తల్లికి తెలిసిన నీతి, నూరు అబద్ధములాడి యైనను ఒక పెండ్లి చేయుమనుట. చరకుడు అసత్యమువలన బొల్లి వచ్చుననెను. లోకము బొల్లి వచ్చినచో అసత్యమాడుమనుచున్నది. రెంటి నడుమ నలుగుచున్న ఆ పిల్లకు సాహిత్యము ఏ భాష నిచ్చెను?

ఇచ్చట నాకు గజానన మాధవ ముక్తిబోధ్ జ్ఞాపకము వచ్చును. రాయపూరునకు పడమటగ నున్న రాజనందగావ్ కళాశాలలో 1958 నుండి ఆయన అధ్యాపకుడుగ నుండెను, 1964లో మరణించెను. ఆ సంవత్సరమే వెలువడిన ‘చాంద్ కా ముంహ్ టేఢా హై’ సంపుటిలో బ్రహ్మరాక్షసుని గూర్చిన కావ్య మొకటి కలదు. ఊరివెలుపలి పాడుపడిన దిగుడుబావిలో ఆ బ్రహ్మరాక్షసుడు తన దేహమును రేయింబవళ్ళు రుద్దుకొనుచుండును. ఎంత రుద్దినను మలినము పోవుట లేదని ఆతని బాధ. ముక్తిబోధ్ చెప్పదలచినది మధ్యతరగతి మేధావియొక్క అంతఃక్షోభను గూర్చియని విమర్శకులందరు ఎరిగినదే. ఐనను ఉపమానమునకు తీసికొన్న వస్తువును కూడ చూడవలెను. తనయందు మలినము కలదని నమ్మినవాడు, దానిని పోగొట్టనిదే మానవుల ఎదుటికి రాగూడదనుకొన్నవాడు, బావిలో ఒంటరియై రుద్దుకొనుచునే యుండును. ఆతని మాటలన్నియు స్వగతములే. చర్మమున వికారము గల మనిషి, మరొకరితో చెప్పకముందు గడపు సంవత్సరములకు ఇంతకంటె సరియైన చిత్రమును నే నెరుగను. నిండుచేతుల చొక్కాలు, తలుపు గడియ పెట్టుకొని రాయు లేపనములు, స్నేహితులతో చెరువున కీతకు పోకుండుట, ఇవన్నియు ఆ బావిలోని పనులే.

పశ్చిమదేశములలో ఈ బావినుండి వెలుపలికి వచ్చి వ్రాసినవాడు జాన్ అప్‌డైక్. సోరియాసిస్‌తో జీవితమంతయు గడిపిన ఆ అమెరికను రచయిత 1985లో తన చర్మముతో తాను సలిపిన యుద్ధమును గూర్చి ఒక వ్యాసమును ప్రకటించెను. తాను చిన్నవయస్సున వివాహమాడుటకు కారణము చెప్పుచు, తన చర్మమును క్షమించిన స్త్రీ ఒకతె దొరకినప్పుడు ఆమెను పోగొట్టుకొనుటకు ధైర్యము చాలలేదను భావమును అందు వ్యక్తముచేసెను. వ్యాసము నిర్భయమైనది, సందేహము లేదు. కాని క్షమించుట అను ఆ మాటవద్ద నేను ఆగిపోయితిని. ఏ నేరమునకు క్షమ? ఇంతటి విద్యావంతుడు, శాస్త్రమెరిగినవాడు, తన దేహకణముల వేగమును ఒక అపరాధముగ భార్య ముందుంచెను. చరకుని జాబితా బాస్టను నగరపు పరిసరములకును పోయినదన్నమాట. అంతకు ముందు 1976లో ఆయన వ్రాసిన కథ ఒకటి మరింత సూక్ష్మమైనది. చర్మరోగియైన కుమ్మరి ఒకడు కిరణచికిత్సవలన బాగుపడును. బాగుపడినకొలది ఆతని కుండల సొగసు పోవును, ప్రియురాలితో ఉన్న అనురాగము కూడ చెడును. అపాల కథను తలక్రిందులు చేసినట్లున్నది. స్వస్థతవలన బంధము కుదురునను పాతనమ్మకమును ఆయన విరిచెను; రోగమువలననే బంధము నిలిచినదను క్రొత్త విడ్డూరమును దాని స్థానమున నిలిపెను. రెండింటను చర్మమే యజమాని.

వ్లదిమీర్ నబొకొవ్ మాట ఒకటి చెప్పి ముందుకు పోయెదను. 1937లో పారిస్‌నుండి భార్య వేరాకు వ్రాసిన లేఖలలో ఆయన తన సోరియాసిస్ బాధను, నిద్రలేమిని, దీపకిరణముల చికిత్సను దాపరికము లేకుండ వర్ణించెను. ఆ దినములలోనే మరొక స్త్రీతో తనకు గల సంబంధమును దాచెను. చర్మమును గూర్చి సర్వము చెప్పువాడు సర్వమును చెప్పువాడని అనుకొనరాదు.

మరాఠీలో సుమిత్రా భావే, సునీల్ సుఖ్‌థన్‌కర్ కలిసి తీసిన ‘నితళ్’ అను చలనచిత్రము 2006లో వచ్చెను. బొల్లి గల యువవైద్యురాలు వివాహమున ఎదుర్కొను ప్రశ్న దాని వస్తువు. మచ్చ మాయము కాకుండగనే కథ నడచుట దాని గొప్ప. బోధించు ధోరణి అచ్చటచ్చట తొంగిచూచును. ఇంటివారందరు తమతమ పక్షమును వాదించుటకే వచ్చినట్లుండును. ఐనను మన దేశమున ఈ ప్రశ్నను ఎదురుగ నిలిపిన కృతిగ దానికి స్థానము కలదు.

నే నిక రాయపూరునకు మరలి వచ్చెదను. రాజనందగావ్‌లో 1937లో పుట్టి, రాయపూరు వ్యవసాయవిశ్వవిద్యాలయమున బోధించి, ఆ నగరమునందే స్థిరపడిన వినోద్ కుమార్ శుక్ల యౌవనమున ముక్తిబోధ్ సాన్నిహిత్యము నెరిగినవాడు. 2024వ సంవత్సరపు జ్ఞానపీఠపురస్కారము ఆయనకు లభించెను. 1979నాటి ‘నౌకర్ కీ కమీజ్’ నవలలో, ఆదర్శసేవకునికై కుట్టించిన చొక్కాను ఒక గుమాస్తాచేత తొడిగింతురు. ఎవరో ముందే కుట్టి యుంచిన ఆవరణమున మనిషి దూరవలసి వచ్చుట చర్మరోగి కథ కూడ. కుష్ఠు అను చొక్కా ఆతనికై ముందే కుట్టబడి యున్నది. ఐనను నాకు ముఖ్యమైనది 1999లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన ‘దీవార్ మే ఏక్ ఖిడ్కీ రహతీ థీ’. రఘువర్ ప్రసాద్ చిన్న ఊరి కళాశాలలో గణితోపాధ్యాయుడు. సోన్సీ ఆతని క్రొత్త భార్య. వారికున్నది ఒక్క అద్దె గది. ఆ గది గోడలోని కిటికీనుండి వెలుపలికి దుమికినచో చెరువులు, నది, చెట్లు, తేనీరిచ్చు ముసలమ్మ. లోకమునకు లేని చోటు, దంపతులకు నిత్యము అందుబాటున నుండును.

ఈ నవలలో రోగము లేదు, రహస్యము లేదు, పాత అర్థమున కథయే లేదు. మరి ఇచ్చట దీని ప్రసక్తి ఏల? దంపతులు మాటాడు తీరుకొరకు. సోన్సీ ఒక చిన్న మాట అనును. రఘువర్ ప్రసాద్ ఆ మాటనే కొంచెము మార్చి తిరిగి అనును. ఆమె మరల అందుకొనును. ఏనుగు వచ్చెనా, తలుపు వేసితివా, చెరువున నీరు చల్లగ నున్నదా. ఏ వాక్యమునకును వేదిక లేదు. ఎవరును ఎవరి ముందును ఒప్పుకోలు చేయరు, క్షమ వేడరు, దయ చూపరు. పెద్ద మాటకును చిన్న మాటకును వారి నడుమ ఒకే గొంతు. ముక్తిబోధ్ బావిలో మాట తనలో తాను సుడి తిరుగుచుండగా, శుక్ల కిటికీవద్ద మాట ఇద్దరి నడుమ అటునిటు నడచును. గురువునకును శిష్యతుల్యునకును గల ఈ భేదమును హిందీ విమర్శకులు సాధారణముగ రాజకీయదృష్టితో కొలుతురు, శుక్ల సంఘర్షణను తప్పించుకొనెనని నిందింతురు. ఆ నిందలో కొంత నిజము కలదు. ఐనను సంఘర్షణను చెప్పుటకు కూడ మొదట సంఘర్షణ లేని భాష యొకటి ఇంట ఉండవలెను గదా.

ఆ తెలుగు పిల్ల చెప్పవలసిన మాటను ఒక రచయిత వ్రాయ బూనినచో, ఈ రెండవ భాషయందే వ్రాయవలెనని నా తలపు. సమయము పెండ్లికి ముందు కావలెను. తరువాత చెప్పినచో మచ్చకంటె దాపరికమే పెద్దదిగ కనబడును, అట్లు కనబడుట న్యాయము కూడ. భర్త కాబోవువాడు తనకు అంటునా అని అడుగును. అది భయముచేత అడుగు ప్రశ్న, సమాధానము సులభము. పిల్లలకు వచ్చునా అని అడుగును. అది కష్టము, సగము సమాధానము చాలదు. ఎన్నాళ్ళనుండి ఉన్నది, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు అని అడుగును. అచ్చటనే మన రచయితలు నాయికచేత కన్నీరు పెట్టింతురు, నాయకునిచేత ఉపన్యసింపజేయుదురు. ఆమె భయపడితినని మాత్రము చెప్పినచో చాలును. ఆతడు వెంటనే ఉదారుడు కానక్కర లేదు. ఆలోచించెదనని చెప్పి ఇంటికి పోవచ్చును, ఒక వైద్యుని అడిగి రావచ్చును. అట్లు అడిగి వచ్చినవాని యెడ నాకు, విన్నక్షణమే నాకు పట్టింపు లేదను వానికంటె ఎక్కువ గౌరవము. పట్టింపు లేదనువాడు ఆమె చెప్పినది సగమే వినియుండును.

వైద్యుడు అతనికి ఒక చిన్న పరీక్షను గూర్చి చెప్పును. కుష్ఠుమచ్చలో తరచుగ స్పర్శ తగ్గును. కండ్లు మూయించి దూదికొనతో తాకినచో రోగికి తెలియకపోవచ్చును. బొల్లిమచ్చ సున్నమువలె తెల్లనైనను అందు స్పర్శ చెక్కుచెదరదు. నే నెరిగిన కథలలో ఏ రచయితయు ఈ భేదమును వాడుకొనలేదు. సాయంకాలము ఆమె మోచేతి కడ నున్న చొక్కాచేతిని పైకి మడచును. ఆతడు ఆమెను కండ్లు మూసికొమ్మని, ఆ తెల్లని చోట ఒక వ్రేలు మెల్లగ ఆనించి, తెలియుచున్నదా అని అడుగును.

తెలియుచున్నది, అనును. ఎక్కడ? ఇక్కడ.